ఆవకాయ ఎవరు కలపాలి

“చెయ్యి తియ్యి. ముందా బేసిన్లోంచి చెయ్యి తియ్యి.”

ప్రభాకరరావు పెరట్లోంచే అరుచుకుంటూ వచ్చాడు. ముసునూరు తోట నుంచి పొద్దున్నే తెప్పించిన కాయలు ముక్కలై బేసిన్లో ఉన్నాయి. కామేశ్వరి వాటి మీద ఆవపిండి, కారం, ఉప్పు పోసి కలపడానికి అప్పుడే చెయ్యి పెట్టింది.

“ఏమైందండీ?”

“బాత్రూంలో బకెట్ వెనకాల ఆ రక్తం గుడ్డ ఏంటి? బయట చేరి, చెప్పకుండా ఆవకాయ దగ్గర కూర్చుంటావా? ఏడాది పొడుగునా తినాల్సింది. బూజు పడితే ఎవరిది పూచీ?”

కామేశ్వరికి ఒళ్లు మండిపోయింది. నలభై ఎనిమిదేళ్ల భార్యని, పెరట్లో మిగతా కాయలు కొడుతున్న పనిమనిషి దుర్గ కూడా వినేలా అడగాల్సిన మాటేనా ఇది.

“ఆ గుడ్డ నాది కాదు. నాకు శివరాత్రి తర్వాత రానే లేదు.”

“నీకేం గుర్తుంటుంది? ఒకసారి నెలకి రెండుసార్లంటావు, ఒకసారి రెణ్ణెల్లయినా లేదంటావు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషివి.”

“థైరాయిడ్‌కి తోడు ఈ వయసులో అలాగే తప్పుతూ ఉంటుందని డాక్టరమ్మ మీ ఎదురుగానే చెప్పింది. పూర్తిగా ఆగిపోయాక మళ్లీ కనిపిస్తే మాత్రం పరిగెత్తుకు రమ్మంది. నాకింకా ఆగనేలేదు. వచ్చిందీ రానిదీ నాకు తెలీకుండా పోతుందా?”

గడప అవతల కుర్చీలో కూర్చున్న అత్తగారు సౌభాగ్యలక్ష్మి తలెత్తకుండానే అంది, “పోనీలేరా. ఆ మాత్రల వేడికి అయ్యుంటుంది. పాపం, దానికీ తెలిసుండదు.”

మొగుడి అరుపులకన్నా ఆ ‘పాపం’ ఎక్కువ కాల్చింది కామేశ్వరిని. ప్రభాకరరావుకి మాత్రం అది బలమైంది. విసురుగా వెళ్లి ఫ్రిజ్ మీదున్న థైరాయిడ్ మాత్రల సీసా తీసి, జీళ్లూ తొక్కలూ వేసిన బుట్టలోకి గిరాటేశాడు.

“అసలు దీంతోనే వచ్చిందంతా. రేపట్నుంచి మానెయ్.”

కామేశ్వరి లేచింది. సీసా ఏరి, పైటతో తుడిచి, బొడ్లో దోపుకుంది.

“పోయినసారి మీ మాట విని మానేస్తే నెల్లాళ్లు మంచం దిగలేకపోయాను. అప్పుడు మీరు కాఫీ అయినా పెట్టి ఇచ్చారా? ఇంకోసారి దీని మీద చెయ్యి వేస్తే నేను మనిషిని కాను.”

అతను ఒకడుగు వెనక్కి వేశాడు. ఇన్నేళ్లలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అతను వినలేదు.

“నాకు అంటు అనేగా మీరనేది? సరే, నేను ముట్టుకోను.” ఆమె పంపు దగ్గర చేతులు కడిగేసుకుంది. “మీ అమ్మగారున్నారు. ఏటా ఆవిడే కలుపుతారు, నన్ను జాడీ కూడా తాకనివ్వరు. ఈ ఏడే మోకాళ్ల నొప్పులంటూ నా నెత్తిన పెట్టారు. రండి అత్తయ్యగారూ, ఎత్తు పీట వేస్తాను.”

సౌభాగ్యలక్ష్మి కదల్లేదు.

“వాణ్ణి కలపమను,” అంది.

“నేనా?” ప్రభాకరరావు తెల్లబోయాడు. మగవాళ్లు ఆవకాయలో చెయ్యి పెట్టటం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. “అమ్మా, ముక్కలకి నీరూరిపోతుంది. రా, కూర్చునే కలుపుదువు గానీ.”

“నా వల్ల కాదురా.”

“ఎందుకు కాదు?” కామేశ్వరి వచ్చి గడప మీద నిలబడింది. “ఇందాక పాపం అన్నారే, ఆ నోటితోనే చెప్పండి. చెయ్యని తప్పుకి నన్ను దూరం కూర్చోబెట్టారు. మీరేమో పీట దగ్గరికైనా రారు. మరి ఎవరు కలపాలి?”

డెబ్బై దాటిన ఆ మనిషి కొడుకు వైపు చూడలేక, కోడలి తడి చెయ్యి పట్టుకుంది.

“నేనెలా ముట్టుకోనే? ఆ గుడ్డ నాది. ఉగాది నుంచి ఆగట్లేదు.”