ఎండిన టేకు

“బాపూ, గా పిస్తోలు తీస్కోకు. దానికి పిడే లేదు!” భూమిక తండ్రి చెయ్యి పట్టి లాగింది.

కరీంనగర్ షూటింగ్ క్లబ్బులో కోచ్ సుధాకర్ బల్ల మీద మూడు పాత గాలి పిస్తోళ్లు పరిచాడు. మొదటి రెండూ నిగనిగలాడుతున్నాయి, ధర వింటేనే చెమటలు పడుతున్నాయి. మూడోది గొట్టం, ట్రిగ్గర్ తప్ప ఏమీ మిగలని బోడి పిస్తోలు. వడ్రంగి కైలాసం కన్ను దాని మీదే పడింది.

“గొట్టం సాఫ్ ఉన్నదా సారూ?”

“మంచిగున్నది. గురి తప్పదు. పిడి ఒక్కటే చేపిచ్చుకోవాలె.”

“చేపిచ్చుడెందుకు? నా చేతులు యాడికి పోయినయ్?”

పోటీ ఇంకా పదిహేను రోజులే ఉంది. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, తిండి అన్నీ వాళ్లే చూసుకుంటారు. వయసు లెక్కన భూమికకు ఇదే ఆఖరి ఏడు.

హుజూరాబాద్‌లోని తన కొట్టంలో కైలాసం కూతురి చేత తడి మట్టి ముద్ద పిసికించాడు. ఆ వేళ్ల అచ్చు చూసి పిడి చెక్కాడు. అటుక మీద ఆరేళ్లు ఎండిన టేకు ముక్క అది.

“గిదే పచ్చి కర్రయితే కొన్నొద్దులకు గుంజుకపోయి సన్నబడ్తది బిడ్డా.”

“అందరికీ ఎండిన కర్రనే పెడ్తవా బాపూ?”

“కంట్రాక్టోళ్ల పనికి గంత చాదస్తమా! తీస్కపోయినంక ఎవడు సూస్తడు?” అని నవ్వేశాడు. పని అయిపోయిందనడానికి గుర్తుగా పిడి అడుగున ఉలితో చిన్న నెమలీక చెక్కాడు. ఆ గుర్తు పడకుండా ఆయన చేసిన వస్తువేదీ గడప దాటదు.

తీరా పోటీ రోజున పిస్తోలు కొలత దగ్గరే ఆగిపోయింది. అధికారి ముందు ఆకుపచ్చ రంగు పూసిన చెక్కపెట్టె ఉంది. లోపలి వెడల్పు అయిదు సెంటీమీటర్లు. ఏ పిస్తోలైనా ఒత్తకుండా అందులో పట్టాలి. భూమికది పిడి దగ్గర వెంట్రుకవాసి తేడాతో ఇరుక్కుంది.

“ఇంక పది నిమిషాలున్నయ్,” సుధాకర్ పరుగున ఆకురాయి తెచ్చాడు. “జర గీకు కైలాసం, పట్టేస్తది.”

“గీకను. నా కొలత తప్పదు. గా పెట్టెనే తప్పు!”

“బాపూ, నీ కాళ్లు మొక్కుత. ఒక్క పొర గీకు.”

గోరంత గీకితే పోయేదానికి ఆయన మొండితనం అడ్డొచ్చింది. జేబులోంచి స్టీలు స్కేలు తీశాడు. పిడి అయిదుకు లోపలే ఉంది. పెట్టె లోపల కొలిచాడు. అక్కడ రెండు మిల్లీమీటర్లు తక్కువొచ్చింది.

“సూడుండ్రి సారూ! ఎవడో పచ్చి కర్రతోని చేసిండు, గుంజుకపోయింది!”

“పొద్దటి సంది ముప్పై పిస్తోళ్లు దీంట్లనే పట్టినయ్ కదనయ్యా,” అన్నాడు అధికారి.

“అవి సన్నగున్నయ్, పట్టినయ్. మీరే కొలుసుకోండ్రి!”

అధికారి కొలిచాడు. ఆయన ముఖం మారింది. అంతలో గంట మోగింది. లోపల పిల్లలు వరసల్లో నిలబడ్డారు, తలుపు మూతపడింది. పిస్తోలును గుండెకు అదుముకుని భూమిక బయటే నిలబడిపోయింది. ఆమె ఏడవలేదు. అదే కైలాసానికి మరీ భరించరానిదైంది.

“నీ మాట నిజమే. కానీ టైం దాటింది, నేనేం చెయ్యలేను,” అన్నాడు అధికారి. “చేసినోని గుర్తేమన్న ఉంటే సూసి ఫిర్యాదు రాసియ్యి.”

“నా బిడ్డ బతుకు ఆగం జేసిండు. వాని చేతులు పడిపోను!” అని శాపనార్థాలు పెడుతూనే కైలాసం పెట్టెను తిరగేశాడు.

అడుగున, ఆకుపచ్చ రంగు పొర కింద, చిన్న నెమలీక ఉంది.