మూసిన కళ్ళు

అటక గదిలో అద్దెకున్న ముసలాడు ఎవరి బొమ్మ గీస్తే వాళ్ళు పోతారట. నిప్పు కోసం వచ్చిన పక్కింటి జానెడ్ ఆ మాట ఇంటామె పెరీన్ చెవిలో వేసింది.

"పిండిమర నడిపే యాన్‌ని కళ్ళు మూసి గీశాడు. మూడు వారాలు తిరక్కుండా పోయాడా లేదా? ఇప్పుడు మీ అమ్మాయి ఎనోరాని కూర్చోబెట్టాడట!"

ఎనోరాకి చలికాలం నుంచీ దగ్గు. పెరీన్ అట్లకాడ చేత్తో పట్టుకునే అటకెక్కింది.

నిజమే. గోధుమ సంచి గుడ్డ మీద, బొగ్గుతో, తన కూతురు. కళ్ళు మూసుకుని.

"ఏం గుల్వెన్ తాతా, బతికున్న పిల్లకి కళ్ళు మూస్తావా?"

"తెరిస్తే మనల్ని చూస్తుంది తల్లీ. మూస్తే తనలోకి చూసుకుంటుంది. నాకు ఆ చూపు కావాలి."

"నీ చూపు తగలెయ్య! ఆదివారానికి గది ఖాళీ చెయ్."

ముసలాయన శనివారమే ఖాళీ చేశాడు. పొద్దున ఎనోరా పాలు తీసుకెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడిపోయి ఉంది.

ఫ్రాన్సులోని ఆ బ్రెతాన్ తీరంలో పోయినవాళ్ళ గడ్డిపరుపుని నాలుగు దారుల కూడలిలో కాలుస్తారు. పెరీన్, జానెడ్ కలిసి పరుపుతోపాటు బొమ్మలన్నీ మంటలో వేశారు. అరవై పైనే. ఎనోరా బొమ్మని పెరీన్ తన చేత్తోనే వేసింది.

ఎండలు వచ్చేసరికి ఎనోరా దగ్గు తగ్గింది.

"చూశావా, కాల్చబట్టే!" అంది జానెడ్.

ఆ వేసవిలోనే పారిస్ నుంచి ఒక పెద్దమనిషి బండి దిగాడు. కోటుకి సర్కారు సన్మానించి ఇచ్చిన ఎర్ర రిబ్బను. ఆయన పేరు వేయని పత్రిక లేదని బండివాడు గొప్పగా చెప్పాడు.

"గుల్వెన్ గారు ఉండేది ఇక్కడేనా?"

"ఉండేవారు. పోయారు" అంది పెరీన్.

ఆయన గడపమీదే కూర్చున్నాడు. చంకలోని పుస్తకం తెరిచాడు. అన్నీ తను వేసిన చిత్రాల అచ్చులు. ప్రతి పేజీలో ఒక ముఖం. ప్రతి ముఖానికీ మూసిన కళ్ళు.

"నాకు పేరు తెచ్చినవి ఇవే. ఇటలీ గుళ్ళలో బొమ్మలు చూసి నేర్చుకున్నానని పత్రికల్లో రాశారు. నేనూ ముప్పయ్యేళ్ళు ఊరుకున్నాను. చిన్నప్పుడు బళ్ళో బొగ్గుముక్క ఇచ్చి నేర్పింది గుల్వెన్ మాస్టారు. ఆయన ఎదుట ఆ మాట ఒప్పుకుందామని వచ్చాను... ఆయన బొమ్మలేవమ్మా?"



"కాల్చేశారు" అంది ఎనోరా.

"కాల్చారా! అవేమిటో తెలుసా మీకు?"

పెరీన్ కూతురి ముఖం చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"మేం తెలీక కాల్చాం బాబూ. మీరు అన్నీ తెలిసి, ముప్పయ్యేళ్ళు నోరెందుకు మూసుకున్నారు?"