చివరి పదహారు పేజీలు

కాలేజీ వదిలాక బుర్రున్న స్నేహితులు కరువై, లైబ్రరీలో ఆదివారం చర్చకు వెళ్లాను. అక్కడికొచ్చేవాళ్లంతా వంతులవారీగా చదివిన నవల మా బైండింగు షాపులో నేను కుట్టిందే. దాని చివర పొరపాటున కోళ్ల పెంపకం పుస్తకంలోని పదహారు పేజీలు కుట్టేశానని అక్కడ తిరగేశాకే తెలిసింది.

"ఆ కోళ్లు మధ్యతరగతికి ప్రతీక," అన్నాడు చర్చ నడిపే లెక్చరరు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

"మీరేమంటారు?" అని నన్నడిగాడు.

"చాలా లోతైన ముగింపండీ," అన్నాను నవ్వాపుకుంటూ. ఒక్కడికీ బుర్ర లేదు, వెధవలు.

చర్చలో వెనక వరసలో కూర్చున్న టైలరమ్మ బయట మెట్ల మీద నా కోసం ఆగింది. "ఆ పేజీలు వేరే పుస్తకంవి కదండీ?"

ప్రాణం లేచొచ్చింది. "మరి లోపల చెప్పలేదేం?"

"అట్ట మీద మీ షాపు ముద్ర ఉంది. మీరే ఒప్పుకుంటారని చూశాను. మీకన్నా వాళ్లే నయం, నమ్మి మాట్లాడారు," అని మెట్లు దిగిపోయింది.