చావనివ్వని వైద్యురాలు

"మణిదీప్, నీ వీరుడు మళ్లా సచ్చినాడప్పా," పాచికలు చూసి అన్నాడు ఆట నడిపే ఉదయ్.

"నేను లేపుతాండా," అంది సమ్రీన్. ఆటలో ఆమె వైద్యురాలు. చచ్చినవాళ్లనైనా బతికించగలదు.

ఆదోనిలో ఉదయ్ వాళ్ల పత్తి అంగడి మేడమీద ఆ రోజు ఆటలో ఆమె మణిదీప్ వీరుణ్ణి లేపడం ఇది ఐదోసారి. లేపిన ప్రతిసారీ ఒంటరిగా రాక్షసుడి ముందే నిలబెడుతోంది.

"సాలు సమ్రీన్, నన్ను సావనీ."

"పోయిన ఆదివారం ఆటలో నన్ను ఈ రాక్షసునికి ఇడిసిపెట్టి, నిధి ఎత్తుకోని పోయినావు గదా? లెయ్!"

"రాక్షసుడు ఇప్పుడు వైద్యురాలి మీదికి వస్తాండాడు," అన్నాడు ఉదయ్.

మణిదీప్ తన వీరుడి బొమ్మను జరిపి ఆమె బొమ్మకు అడ్డంగా పెట్టాడు.

"ఆ పొద్దు ఈడ నిలబడాల్సింది నేనే," అన్నాడు మెల్లగా.

సమ్రీన్ కోపం చల్లారలేదు. అయినా ఈసారి అతని వీరుడు పడేదాకా ఆమె ఆగలేదు. ముందే గాయాలు మాన్పింది.