ఒకవైపు టికెట్టు

"హిస్టరీ తుడిచావా?" అన్నాడు లూబెన్, జున్ను పొరల రొట్టె, వేడివేడి బానిత్సా పొట్లం బల్లమీద పెడుతూ.

"తుడిచాను. లేకపోతే మనం పోయిన వారం చూసి వెళ్లిన సంగతి విమానం టికెట్ల సైటువాళ్లు పసిగట్టి రేటు పెంచేస్తారు." జహారి కంప్యూటర్ తెరను తనవైపు మరికాస్త తిప్పుకున్నాడు.

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో జహారిది కెమెరాలు బాగుచేసే కొట్టు. నలభై ఏళ్ల కిందట ఫోటో క్లబ్బు చీకటిగదిలో, ఎర్ర దీపం కింద పోట్లాడుకుని ఇద్దరూ స్నేహితులయ్యారు. ఆ క్లబ్బు ఎప్పుడో మూతపడింది. అందులోవాళ్లు తలోదిక్కుకి పోయారు. మిగిలింది వీళ్లిద్దరూ, కొట్లో ఈ శనివారం కబుర్లూ.

ఇప్పుడవీ పోయేలా ఉన్నాయి. లూబెన్ పెళ్లీ పెటాకులూ లేని మనిషి. స్పెయిన్‌లో, వాలెన్సియాలో ఉండే అక్క దగ్గరికి పోయి ఉండిపోతానని రెండేళ్లుగా అంటున్నాడు. తిరుగు టికెట్టు వద్దట, పోయేది చాలట. ఇంటర్నెట్ జోలికి వెళ్లడు గనక టికెట్టు చూసే పని జహారిదే. స్నేహితుడంటే అంత నమ్మకం, ఒక్కసారీ తెరవైపు తొంగిచూడడు.

జహారి చదివేది మాత్రం తెరమీదున్న అంకె కాదు. ఇరవై తొమ్మిది యూరోలుంటే మూడువందల పది అనేవాడు. తప్పని తెలుసు. అయినా అనేవాడు.

"ఈవారం కూడా మూడువందల పైమాటే," అన్నాడు.

"దొంగలు!" అని, లూబెన్ హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు. "మళ్లీ ఎన్నికలట, విన్నావా?"

"మన ప్రభుత్వాలకన్నా నా ఫ్రిజ్‌లో ఫిల్ముకే గడువెక్కువ."

"ఇంకా ఫిల్మేంట్రా? కొత్త కెమెరాలు మనిషి కన్ను వెతుక్కుని మరీ ఫోకస్ చేస్తున్నాయి."

"అన్నీ అదే చేసుకుంటే నేనెందుకు? బొమ్మ చెడగొట్టే హక్కు నాది."

బాగుచేసిన పాత జెనిత్ కెమెరాను జహారి చేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. టప్పుమన్న ఆ చప్పుడుకి లూబెన్ కళ్లు మూసుకున్నాడు.

"రోదోపి కొండల్లో నువ్విలాగే నొక్కావు. గొర్రెల మందంతా పరుగో పరుగు."

"ముప్పై ఆరు బొమ్మల్లోనూ తోకలే!"

ఇద్దరూ పడిపడి నవ్వారు. జహారి కెమెరాను బల్లమీద పెట్టేశాడు. ఇలా నవ్వడానికి ఇంకెవరున్నారు?

"అక్కెలా ఉంది?" అన్నాడు మాట మారుస్తూ.

"మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కలేకపోతోంది. పక్కన మనిషుండాలి."

జహారి తల దించుకున్నాడు. అక్కడ ముసలావిడ మెట్లెక్కలేక అవస్థ పడుతుంటే, నాలుగు కబుర్ల కోసం తమ్ముణ్ని తను ఇక్కడ కట్టేసి ఉంచాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

"లూబెన్, ఇరవై తొమ్మిదేరా."

"ఏంటి?"

"టికెట్టు. పోయిన వారమూ అంతే. ఎప్పుడూ అటూ ఇటూగా అంతే. నువ్వెళ్లిపోతే నేనెవరితో మాట్లాడాలి? అందుకే అబద్ధమాడాను. తిట్టు, పడతాను. ముందు నీ గుర్తింపు కార్డిలా ఇవ్వు, బుక్ చేసేస్తాను."

లూబెన్ తిట్టలేదు. కార్డూ తీయలేదు. చెవులదాకా ఎర్రబడి, బల్లమీద రాలిన బానిత్సా తునకలు వేలితో ఏరుతూ కూచున్నాడు.

"కట్టెయ్యరా ఆ కంప్యూటరు," అన్నాడు చివరికి.

"కోపమొచ్చిందా?"

"నీమీద కోప్పడే ముఖం నాకెక్కడిది?"

"మరి?"

"అక్క ఇక్కడికే తిరిగొచ్చేసి ఏడాదయింది. టికెట్టు వంక పోతే శనివారాలు ఏం చెప్పి రావాలిరా నీ దగ్గరికి?"