రెండేళ్ల పిల్లకు పార్కెందుకు?

“రెండేండ్ల పిల్లకు గంత దూరం పార్కేంది? ఇడ్సిపెట్టున్రి,” అంటూ ఇందిరమ్మ పప్పు గిన్నెను స్టవ్ మీంచి ఠక్కున దించింది.

“దానికి అన్నీ తెలుసు అత్తయ్యా. టీవీలో రంగులరాట్నం కనిపిస్తే చప్పట్లు కొడుతుంది,” అంది తేజస్విని.

“టీవీల సూసుడు వేరు, ఎక్కుడు వేరు. నీకు సమజ్ గాదు.”

వంటింటి గుమ్మంలో కూర్చుని కూతురికి పెరుగన్నం తినిపిస్తున్న చంద్రకాంత్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ముద్ద కోసం స్నిగ్ధ నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది.

చంద్రకాంత్ కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. మిషన్ల మరమ్మతు కోసం ప్లాంటు మూడు రోజులు మూస్తారని తెలియగానే, కూతుర్ని తీసుకుని బెంగళూరు దగ్గరి థీమ్ పార్కుకు పోదామని టికెట్లు కూడా తీశాడు. పెళ్లయిన ఏడాదికే స్నిగ్ధ పుట్టింది. అప్పటినుంచి భార్యాభర్తలు సరదాగా గడప దాటింది లేదు. కూతురు కంటికి కనిపించకపోతే అతనికి కాలూ చెయ్యీ ఆడదు. క్యాంటీన్లో అన్నం ముందు పెట్టుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. పోయినేడు సినిమాకు వెళ్దామని తేజస్విని అడిగితే, “బిడ్డను ఇడ్సి ఎట్ల పోతం?” అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఇన్నాళ్లకు అందరూ కలిసి వెళ్లే దారి దొరికిందనుకుంటే, తల్లి అడ్డం తిరిగింది.

“పక్కింటి ముత్యమ్మ మనవణ్ణి గిట్లనే తీస్కపోయిన్రు. పొద్దుగూకేదాక ఏడ్సి, జరం తెచ్చుకున్నడు. పిల్లను నా తాన ఇడ్సిపోన్రి.”

“నా కూతుర్ని వదిలి నేను వెళ్లను!” తేజస్విని గొంతు పెంచింది.

చంద్రకాంత్ ఉలిక్కిపడ్డాడు. తేజస్విని వాళ్లది గోదావరి వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. కోడలిగా అడుగుపెట్టిన నాటినుంచి ఆమె అత్త మీద గొంతు లేపడం ఇదే మొదలు.

ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే చాప మీద కూర్చుని తింటూ, “మీ అమ్మగారికి చారు కావాలేమో అడగండి,” అంటుంది కోడలు. “వద్దని చెప్పు నీ పెండ్లానికి,” అంటుంది అత్త. మధ్యలో చంద్రకాంత్ చారు గరిటె పట్టుకుని అటూ ఇటూ చూస్తాడు.

“ఇలాగైతే పటాన్‌చెరులో వేరే ఇల్లు చూసుకోవాల్సిందే,” అని తేజస్విని అన్నాక మాత్రం అతని ప్రాణం ఉసూరుమంది. పార్కు కోసం పోయి ఇల్లు రెండు ముక్కలయ్యేలా ఉంది.

అతనికో ఉపాయం తోచింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ అమ్మవారి గుడికి పోయే దారిలో పిల్లల ఆటలేవో పెట్టారు.

“ఆదివారం అందరం పోదం. స్నిగ్ధ నవ్వుకుంట ఆడితే పార్కుకు వస్తది. ఏడిస్తే అమ్మ మాటే,” అన్నాడు. ఇద్దరూ తలూపారు.

బయల్దేరే వేళకు స్నిగ్ధ కళ్లు నలుపుకుంటోంది.

“జెర పండుకోనియ్యరాదు?” అంది ఇందిరమ్మ కొడుకుతో.

“కారులో పడుకుంటుందిలెండి,” అంది తేజస్విని, తనూ భర్తతోనే.

కారెక్కితే కిటికీలోంచి “బర్రె! బర్రె!” అని అరిచే పిల్ల ఏం పడుకుంటుంది? అక్కడికి చేరేసరికి నిద్ర చాలక ముక్కు ఎర్రబడింది. బొమ్మగుర్రాలు ఖాళీగానే ఉన్నా, తేజస్విని కూతుర్నెత్తుకుని నేరుగా ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి దగ్గరికి నడిచింది. అతను ప్రేమగా పంజా చాచాడు.

స్నిగ్ధ కెవ్వుమన్న కేకకు గుడి వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పాపం, భయం పోగొడదామని ఆ మనిషి ఎలుగుబంటి తలకాయ ఊడదీశాడు. దాంతో పిల్ల ఇంకా హడలిపోయి నానమ్మ మెడను కరుచుకుంది.

“నానమ్మా... ఇంతికి!”

“సూసినవా?” అంది ఇందిరమ్మ కొడుకుతో.

తేజస్విని గిరుక్కున అటు తిరిగి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని చంద్రకాంత్ గుండె కరిగిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. “ఇగ ఇదే ఆఖరు మాట. బిడ్డ ఇంక చిన్నది. జెర పెద్దగైనంక పోదం. టికెట్లు కాన్సిల్ చేస్త.”

“కాన్సిల్ చేసి మూడు దినాలు ఇంట్ల కూసుండి నా పానం తీస్తవా?” ఇందిరమ్మ కసిరింది. “మీరిద్దరు పోయిరాన్రి.”

చంద్రకాంత్ బెదురుబెదురుగా భార్య వైపు చూశాడు. “వస్తవా?”

తేజస్విని తల వంచుకుని చున్నీ సర్దుకుంది. “మీరంతగా అంటే వస్తాను. మీ కోసం.”

ప్రయాణం రోజు, పాలు ఎంత వెచ్చగా ఉండాలో, ఏ దుప్పటి కప్పాలో తనను పెంచిన తల్లికే నేర్పాడు. స్నిగ్ధ హాయిగా టాటా చెప్పింది. కళ్లు తుడుచుకున్నది అతనే. అత్తాకోడళ్లు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పటాన్‌చెరులో బస్సెక్కగానే వీడియో కాల్ చేశాడు. స్నిగ్ధ ముత్యమ్మ ఒడిలో అరటిపండు తింటోంది. నాన్నను ఒకసారి చూసి, “టాటా” అని తనే ఫోన్ కట్ చేసింది. అతనికి నవ్వొచ్చింది. గుండె తేలికైంది. కిటికీ పక్కన కూర్చున్న భార్యను చూశాడు. జడలో మల్లెపూలు, ముఖంలో ఎన్నాళ్లకో కనిపించిన తేట. ఈమెను ఇలా చూసి ఎంత కాలమైంది! తిరిగి వచ్చాక ఎట్లాగైనా అత్తాకోడళ్లకు రాజీ కుదర్చాలని గట్టిగా అనుకుని, నీళ్ల సీసా కోసం బస్సు దిగాడు.

తిరిగి వచ్చేసరికి తేజస్విని కిటికీ వైపు తిరిగి, ఫోన్ చెవికి ఆనించుకుని, పడీపడీ నవ్వుతోంది.

“గెలిచాం అత్తయ్యా!”