ఏ ఊరి పురుగు

పురుగులను దొంగిలిస్తే ఏ పోలీసూ కేసు పెట్టడని దశరథానికి గట్టి నమ్మకం. అందుకే మిట్టమధ్యాహ్నం, ఊరంతా అన్నాలకు పోయిన వేళ చూసి, బామ్మర్ది విజేందర్ పత్తి చేలోకి దూరాడు. కాయలు చీల్చి, లోపలి గులాబీ పురుగులను ఏరి, ఏరినవి ఏరినట్టు స్పిరిట్ సీసాల్లో వేశాడు. వేసి, మూతల మీద ఊళ్ల పేర్లు రాశాడు. చండూరు, మర్రిగూడ, నాంపల్లి, కనగల్...

నిజానికి ఆ ఊళ్లన్నీ తిరిగి పురుగులు తెమ్మనే పరిశోధన కేంద్రం వాళ్లు అతన్ని కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. కానీ ఎండ చూస్తే మాడ్చేస్తోంది, బండి చూస్తే మొరాయిస్తోంది. పురుగు ఎక్కడైనా పురుగే కదా, దానికేమైనా ఆధార్ కార్డు ఉంటుందా అనుకున్నాడు దశరథం.

విజేందర్ చేనే ఎందుకంటే, అక్కడ వెతికే పని లేదు. దసరా ముందు పెద్దగా పురుగే కనబడని చేను, దీపావళి దాటేసరికి ఏ కాయ చీల్చినా పురుగే. ఇబ్బందల్లా విజేందర్‌తోనే. జనం పంటను కాపలా కాస్తారు, ఈ మహానుభావుడు పురుగులను కాపలా కాస్తున్నాడు.

ముందు మర్యాదగా అడిగే చూశాడు దశరథం.

"బావా, నీకు దండం వెడ్త. పరిహారం కోసం పంట నష్టం రాసుకునే సార్లు వస్తరు. వాళ్లు చూసేదాక ఒక్క పురుగును గూడ ముట్టకు" అన్నాడు విజేందర్.

"ఓరి, మందు కొట్టి సంపుకునే పురుగే గదరా! జర నాలుగిస్తే నీ సొమ్మేం పోతది?"

"నా పురుగులు, నా ఇష్టం."

అడిగితే ఇవ్వలేదు, దొంగతనం చేశాడు. తప్పెవరిదో మీరే చెప్పండి.

బామ్మర్ది మీద దశరథానికి ఇంకో మంట కూడా ఉంది. విజేందర్ భార్య నీళ్లోసుకుందని ఊరూరి నుంచి ఆడ చుట్టాలు టిఫిన్ డబ్బాలతో దిగుతున్నారు. ఫ్రీ బస్సు పుణ్యమా అని ఒకరోజు అత్తమ్మ, ఒకరోజు చిన్నమ్మ. డబ్బా రావడం ఆలస్యం, విజేందర్ దాన్ని చంకలో పెట్టుకుని మాయమైపోతాడు. ఇంటి అల్లుడి చేతిలో ఒక్క తీపి గర్జె పెట్టిన పాపాన పోలేదు. మర్యాద తెలియని మనుషులు!

సరే, సీసాలు తీసుకెళ్లి పరిశోధన కేంద్రంలో అక్షిత మేడంకు అప్పజెప్పాడు. అప్పుడు ఆమె ఒక సంగతి చెప్పింది.

"నిరుడు నేనే ఈ ఊళ్లన్నీ తిరిగి ఏరిన. పరీక్ష చేస్తే ఏ ఊరి పురుగుల వంశం ఆ ఊరిదే అని తేలింది. ఈ ఏడు మీకన్న ముందు పెట్టుకున్నాయన అన్ని సీసాలూ ఒక్క చేన్లనే నింపుకొచ్చిండు. డీఎన్ఏ పరీక్షల దొరికిపోయిండు. ఆ రోజే ఇంటికి పంపిన."

"పురుగుకు గూడ ఇంటిపేరు ఉంటదా మేడం?"

"ఉంటది. దాచినా దాగదు."

ఆ రోజు నుంచి దశరథానికి ముద్ద దిగలేదు. ఈ కొలువు పోతే మళ్లీ షాద్‌నగర్ కంపెనీలో నైట్ డ్యూటీలే. భార్య రమనూ పిల్లలనూ వారానికోసారి చుట్టంలా చూసి పోవడమే. ఆ బతుకు తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది. ఎండకు భయపడి ఎంత పని చేసుకున్నానురా దేవుడా అని తనను తానే తిట్టుకున్నాడు.

రిపోర్టు వచ్చిందని మేడం ఫోన్ చేసింది. కాళ్లు పట్టుకునైనా సరే ఒప్పేసుకుందామని వెళ్లాడు.

"మేడం, తప్పయింది..."

"తప్పు నాది దశరథం గారూ!" అక్షిత కుర్చీలో కూర్చోలేకపోతోంది. "ఏ ఊరి పురుగు ఆ ఊళ్లెనే ఉంటదనుకున్న. ఇప్పుడు చూడుండ్రి, ఒక్కో సీసాల అన్ని ఊళ్ల పురుగులున్నయ్! మర్రిగూడ సీసాల చండూరు పురుగు, చండూరు సీసాల కనగల్ పురుగు. ఒక్క చేన్ల ఏరితే ఇన్ని వంశాలు వస్తయా? పాపం, ఎండలవడి బాగ తిరిగినట్టున్నరు."

దశరథం ఒప్పుకోబోయిన మాటను అక్కడికక్కడే మింగేశాడు. ఏరింది బామ్మర్ది చేలో. అందులోకి అన్ని ఊళ్ల పురుగులు ఎట్లా వచ్చాయి?

మేడంకూ అదే అనుమానం. "ఇవి ఊరు దాటి ఊరికి ఎట్ల పోతున్నయో తెల్వాలె. గాలికి పోతున్నయా, పత్తి లారీలల్ల పోతున్నయా? మీ కాంట్రాక్టు ఇంకో ఏడాది పెంచుతున్న. గది మీరే కనిపెట్టాలె."

"పానం వెట్టి కనిపెడ్త మేడం!"

తిరుగు బస్సులో అతనికి పాట ఒక్కటే తక్కువ. ఊళ్లో దిగేసరికి, ముందు తలుపు నుంచి లీలమ్మ దిగుతోంది. రమకూ విజేందర్‌కూ మేనత్త. మర్రిగూడ నుంచి వస్తోంది. చేతిలో జీరో టికెట్టు, చంకలో గుడ్డ చుట్టిన టిఫిన్ డబ్బా.

ఇవాళ వదిలేది లేదనుకున్నాడు దశరథం. "అత్తమ్మా, అలసిపోయినవు, గిట్ల తే" అంటూ డబ్బా లాక్కుని, గర్జెల మీద ఆశతో మూత మీద చెయ్యి వేశాడు.

లీలమ్మ బస్టాండు అదిరేలా కేక పెట్టింది.

"వద్దు అల్లుడా, మూత తియ్యకు! అన్ని ఊళ్ల చుట్టాలం డబ్బాలకు డబ్బాలు మోస్తే గిప్పుడే విజేందర్ చేన్ల పంట నష్టానికి సరిపడ పురుగైతున్నది, గవి కిందవడితే నేను మళ్ల మర్రిగూడకు పోవాలె!"